జోడు బ్యాటరీల జీపు: మారిస్తే రెండూ మార్చాలి



ఈ వారం మన పని బానెట్ కింద. "వంటలూ, ఇల్లూ గురించి చెప్పుకునే చోట జీపు బ్యాటరీలేమిటమ్మా?" అని నవ్వకండి. గేటు లోపల నిలబడ్డ బండి కూడా ఇంటి సామానే కదా! మెకానిక్ వచ్చేసరికి మగవాళ్లు ఇంట్లో లేకపోతే మాట్లాడాల్సింది మనమే. అతను చెప్పినదానికి తలూపాలన్నా, అడ్డం చెప్పాలన్నా విషయం తెలిసుండాలి.

తోటలకీ, కొండదారులకీ, బురద రోడ్లకీ తిరిగే పెద్ద డీజిల్ బండ్లు కొన్నిటికి ఒకటి కాదు, రెండు బ్యాటరీలు ఉంటాయి. ల్యాండ్ క్రూయిజర్ లాంటి వాటిలో కొన్ని మోడల్స్‌కి కంపెనీ వాళ్లే రెండు పెట్టి ఇస్తారు. అమెరికాలో తిరిగే పెద్ద డీజిల్ పికప్ బండ్లలోనూ అంతే.

రెండెందుకంటారా? పెట్రోలు ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించడానికి ప్లగ్ ఉంటుంది. డీజిల్‌కి అది లేదు. గాలిని 16 రెట్లూ, 20 రెట్లూ గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండాలి. అంత బిగువుగా ఉండే ఇంజన్‌ని సెల్ఫ్ మోటారు తిప్పాలంటే కరెంటు బోలెడు కావాలి. చలిగా ఉన్నప్పుడు లోపల గాలిని వెచ్చచేసే హీటర్ ప్లగ్‌లు కూడా ఆ బ్యాటరీ మీదే బతకాలి. అందుకే రెండు బ్యాటరీలని పక్కపక్కన పెట్టి, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలుపుతారు. ఓల్టులు 12 గానే ఉంటాయి, బలం మాత్రం రెండింతలవుతుంది.

ఒకటే పోయిందంటే?

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. "ఒకటి బాగానే ఉందమ్మా, ఇంకోటే పోయింది. ఒక్కటి మారిస్తే చాలు, సగం డబ్బు మిగుల్తుంది" అంటారు. వినడానికి ఎంత బాగుంటుందో! కానీ ఆ మాట వినకండి.

ఒకే కాడికి కోడెనీ, ముసలెద్దునీ కట్టామనుకోండి. ముసలిది అడుగు వెయ్యదు, బరువంతా కోడె మీదే పడుతుంది. నాలుగు రోజుల్లో కోడె కూడా చతికిలపడుతుంది. బ్యాటరీలదీ అదే కథ. పాత బ్యాటరీ తనలో చార్జీ నిలుపుకోలేదు. పక్కనున్న కొత్తదాంట్లోంచి రాత్రింబవళ్లు లాగుతూనే ఉంటుంది. పాతదాంట్లో ఒక గది లోపల్లోపల కలిసిపోయి ఉంటే, తెల్లారేసరికి కొత్తదాన్ని కూడా ఖాళీ చేసి కూర్చోబెడుతుంది. బండి నడిచేటప్పుడు డైనమో ఇచ్చే చార్జీ కూడా ఇద్దరికీ సరిగ్గా పంపకం కాదు. మూడు నాలుగేళ్లు రావలసిన కొత్త బ్యాటరీ ముందే మూలపడుతుంది. సగం మిగుల్తుందనుకున్నది చివరికి ఒకటిన్నర ఖర్చవుతుంది. కాబట్టి మారిస్తే జోడుగానే మార్చాలి. ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే ఆంపియర్లు, వీలైతే ఒకే నెలలో తయారైనవి తీసుకోవాలి.

ముందు రోగం ఏమిటో చూడండి

బ్యాటరీ మార్చమన్నారు కదా అని వెంటనే డబ్బు తియ్యక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో మల్టీమీటర్ దొరుకుతుంది, ఇంట్లో ఒకటి ఉంటే ఎన్నో పనులకి పనికొస్తుంది. బండి ఆపి నాలుగైదు గంటలు వదిలేసి కొలిస్తే, నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 ఓల్టులు చూపిస్తుంది. 12.2 ఉంటే సగం. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తుండగా కొలిస్తే 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. అప్పుడు కూడా 12 చిల్లరే చూపిస్తోందంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. డైనమోదో, దాని బెల్టుదో, వదులైన తీగదో అవ్వచ్చు. అది చూసుకోకుండా కొత్త బ్యాటరీలు వేస్తే అవి కూడా ఖాళీ అయిపోతాయి.

ఒక కిటుకు చెప్తాను. రెండు బ్యాటరీలూ కలిసున్నంతసేపూ మీటర్ రెండిట్లోనూ ఒకటే అంకె చూపిస్తుంది. చెడ్డది మంచిదాని చాటున దాక్కుంటుందన్నమాట! రెండిటినీ విడదీసి, కొన్ని గంటలు వదిలేసి, అప్పుడు వేరువేరుగా కొలిస్తేగానీ ఎవరి బండారం ఏమిటో బయటపడదు.

మన ఎండలకి బ్యాటరీ మూడు నాలుగేళ్లు వస్తే మంచిదే అనుకోవాలి. చలికాలం పొద్దున సెల్ఫ్ తిరక్కపోతే నింద చలి మీద వేస్తాం గానీ, బ్యాటరీని అసలు తినేసేది అంతకుముందు ఎండాకాలం వేడే.

కొనేటప్పుడు

పాత బ్యాటరీ పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. ప్లస్ కుడివైపుందా, ఎడమవైపుందా అన్నది కూడా రాసుకోండి. అది అటూఇటూ అయితే తీగ అందదు. అన్నిటికన్నా సులువు, విప్పకముందే ఫోన్‌తో నాలుగు ఫొటోలు తియ్యడం. ఏ తీగ ఎక్కడిదో ఫొటో చెప్తుంది.

ఆ ఫొటో ఇంకొకందుకు కూడా పనికొస్తుంది. కొన్ని బండ్లలో రెండు బ్యాటరీలని ఒకదాని ప్లస్‌ని ఇంకోదాని మైనస్‌కి కలిపి 24 ఓల్టులు చేస్తారు. ఇంకొన్ని బండ్లలో రెండో బ్యాటరీ సెల్ఫ్ కోసం కాదు, ఫ్రిజ్‌కో, లైట్లకో విడిగా పెట్టుకున్నది. దానికి మధ్యలో ఐసోలేటర్ ఉంటుంది, బ్యాటరీ రకం కూడా వేరుగా ఉండొచ్చు. నేను చెప్తున్నది ప్లస్‌కి ప్లస్ కలిసిన జోడు గురించి. మీ బండి వేరే రకమైతే దాని పుస్తకం చూసే చెయ్యండి, ఊహించి కలపొద్దు.

చెయ్యి పెట్టేముందు

గాజులు, ఉంగరాలు, వాచీ తీసి పక్కన పెట్టండి. మంగళసూత్రం, నల్లపూసలు జాకెట్టు లోపలికి వేసుకోండి, పైన తువ్వాలు చుట్టుకోండి. బంగారం, వెండి మనకి నగలు, కరెంటుకి తీగలు. ప్లస్‌కీ బండి బాడీకీ మధ్య ఉంగరం తగిలిందంటే క్షణంలో ఎర్రగా కాలి వేలుని పట్టుకుంటుంది. పైట బాగా దోపుకోండి. పాత బట్టలే కట్టుకోండి, యాసిడ్ చుక్క పడితే నూలు చీరకి చిల్లు పడుతుంది. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి.

చార్జీ ఎక్కేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కాబట్టి దగ్గర్లో అగరొత్తి, దోమల చక్రం, బీడీ, దీపం ఏదీ ఉండకూడదు. షెడ్డులో కాకుండా గాలి ఆడే చోట, పగటి వెలుతురులో చెయ్యండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

కావలసినవి ఇవి: స్పానర్లు (చాలా బండ్లకి 10 నంబరుది సరిపోతుంది), గరుకు కాగితం, వంట సోడా, ఒక చెంబు నీళ్లు, పాత గుడ్డలు, వాజలిన్.

విప్పే వరస

తాళం తీసెయ్యండి, లైట్లన్నీ ఆపండి, ఐదు నిమిషాలు ఆగండి.

మొదట ఒక బ్యాటరీ మైనస్ విప్పండి. వెంటనే ప్లస్ జోలికి వెళ్లొద్దు. రెండో బ్యాటరీ మైనస్ కూడా విప్పండి. ఆ తర్వాతే ప్లస్‌లు. ఎందుకంటే బండి ఇనుప బాడీ అంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. మైనస్ విప్పకుండా ప్లస్ విప్పుతూ స్పానర్ బాడీకి తగిలిస్తే భగ్గుమని నిప్పురవ్వలు లేస్తాయి. ఒక్క బ్యాటరీ ఉన్న బండికి ఒక మైనస్ తీస్తే సరి. జోడు బండిలో ఒక మైనస్ తీసినా ఇంకో బ్యాటరీ బండికి కరెంటు ఇస్తూనే ఉంటుంది. కారు బ్యాటరీ మార్చడం తెలిసినవాళ్లు కూడా ఇక్కడే పొరపడతారు. విప్పిన ప్రతి తీగ కొసకీ గుడ్డ చుట్టి పక్కకి మడవండి.

పట్టీ విప్పి బ్యాటరీని బయటికి తియ్యాలి. ఒక్కొక్కటి 20 కిలోలు, ఆపైన కూడా ఉంటుంది. నీళ్ల బిందె ఎత్తినట్టు మోకాళ్లు వంచి ఎత్తాలి గానీ నడుం వంచి కాదు. ఇద్దరు పట్టుకోవడం మేలు. పక్కకి వాల్చొద్దు, యాసిడ్ ఒలుకుతుంది.

బ్యాటరీ కూర్చునే పళ్లెంలో తెల్లగా, ఆకుపచ్చగా పేరుకున్న బూజు లాంటిది ఉంటుంది. గ్లాసు నీళ్లలో పెద్ద చెంచాడు వంట సోడా కలిపి పొయ్యండి. బుసబుసా పొంగుతుంది. పొంగు ఆగేదాకా పోసి, మంచినీళ్లతో కడిగి, పొడిగా తుడవండి. తీగల కొసల్ని కూడా అలాగే కడిగి, ఆరాక గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి మాత్రం పోకూడదు.

బిగించే వరస

ఇప్పుడు వరస తిరగబడుతుంది. కొత్త బ్యాటరీలు రెండూ కూర్చోబెట్టి పట్టీలు గట్టిగా బిగించండి. గతుకుల్లో అవి కదిలితే లోపలి సీసం పలకలు రాలిపోతాయి. తర్వాత ప్లస్‌లు రెండూ బిగించండి. చివర్లో మైనస్‌లు రెండూ. ప్రతిసారీ ఫొటోతో సరిచూసుకోండి. ప్లస్, మైనస్ తారుమారైతే డైనమో, కంప్యూటరు రెండూ కాలిపోవచ్చు. టెర్మినల్ సీసంది, మెత్తన. సుత్తితో కొట్టొద్దు, విరిగేలా తిప్పొద్దు. చేత్తో తిప్పితే కదలకుండా ఉంటే చాలు. పైన కాస్త వాజలిన్ రాస్తే మళ్లీ బూజు పట్టదు.

స్టార్ట్ చేసేటప్పుడు తాళం సగం తిప్పి, డాష్‌బోర్డులో చుట్టలా కనిపించే హీటర్ లైటు ఆరేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ నడుస్తుండగా మీటర్ పెడితే రెండు బ్యాటరీల మీదా 13.8 – 14.4 మధ్య రావాలి. గడియారం, రేడియో మాత్రం మళ్లీ సెట్ చేసుకోవాలి.

పొరపాటున యాసిడ్ ఒంటిమీద పడితే ధారగా నీళ్లు పొయ్యండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు మంచినీళ్లతో కడిగి తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కంట్లో సోడా నీళ్లు పొయ్యకూడదు.

పాతవి ఎక్కడికి పోతాయి?

ఈ ముక్క బండి లేనివాళ్లు కూడా చదవాలి. మనింట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది కదా, అదీ ఈ జాతిదే. పలుచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో సీసం పలకలు. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే చేసిన బ్యాటరీయే ఇప్పటికీ ఈ రూపంలో నడుస్తోంది. సీసం మంచిది కాదు. ముఖ్యంగా చిన్నపిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, కడుపుతో ఉన్నవాళ్లకీ ముప్పే. పాత సామాన్లవాళ్లకి నాలుగు రాళ్లెక్కువకి అమ్మితే, దాన్ని ఏ పెరట్లోనో పగలగొట్టి, యాసిడ్ మట్టిలో పారబోసి, సీసం కరిగిస్తారు. ఆ పొగ, ఆ దుమ్ము వాళ్ల పిల్లల ఊపిరిలోకే పోతుంది. మన గేటు దాటింది కదా అని మన బాధ్యత తీరిపోదు.

కొత్తవి కొన్న షాపులోనే పాతవి ఇచ్చి, వాటి ధర తగ్గించమని అడగండి, బిల్లులో రాయించుకోండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం కూడా వాడేసిన బ్యాటరీని చెత్తలో కలపకుండా, సేకరించేవాళ్లకో రీసైకిల్ చేసేవాళ్లకో అప్పగించడం వాడుకదారుల బాధ్యతే.

ఇన్వర్టర్‌కి రెండు బ్యాటరీలున్నవాళ్లూ జోడు సూత్రం మరవకండి. అక్కడ కలిపే పద్ధతి వేరు, సాధారణంగా ప్లస్‌కి మైనస్ కలిపి 24 ఓల్టులు చేస్తారు. ఒకటి ముసలిదైతే ఇంకోదాని ఆయుష్షు తగ్గడం మాత్రం అక్కడా తప్పదు.

ఈసారి మెకానిక్ "ఒకటి మారిస్తే చాలమ్మా" అన్నప్పుడు, "రెండిటినీ విడదీసి కొలిచావా నాయనా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో అతను మాట్లాడే తీరే మారిపోతుంది.

వచ్చేవారం మరో పనితో కలుద్దాం. అంతవరకూ సెలవు.