మొక్క నాటినవాళ్ళు మార్చిలోనూ రావాలి

తొలకరి పడగానే ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్ళకు పట్నం నుంచి అతిథులు వస్తారు. మొక్కల ప్రేమికుల సంఘాలు, మిద్దె తోటల బృందాలు, కాలనీ క్లబ్బులు. వ్యాను నిండా మొక్కలు, ముందు ఒక బ్యానరు. గుంతలు తవ్వి ఉంచేది మనవాళ్ళే. నాటుతారు, ఫొటో దిగుతారు, టీ తాగి వెళ్తారు. కె.ఎం. మున్షీ కేంద్ర మంత్రిగా ఉండగా 1950లో వనమహోత్సవం మొదలైనప్పటి నుంచి జులై అంటే మొక్కల నెలే.

వాళ్ళను ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. ఆదివారం పూట సొంత డబ్బుతో మొక్క కొని ఊరికి తెచ్చే మనిషి మంచి మనిషే. మిద్దె మీద నాలుగు వంగ మొక్కలు పెంచి, కాయతొలుచు పురుగుతో వేగినవాళ్ళకు మన కష్టం తొందరగా అర్థమవుతుంది. వాళ్ళు రైతుకు దగ్గరివాళ్ళు. కాబట్టే వాళ్ళతో దాపరికం లేకుండా మాట్లాడదలిచాం.

కిందటేడు వానాకాలంలో ఒక క్లబ్బువారు మా పంట కాలువ వెంట మొక్కలు పెట్టారు. కాలువ పారినన్నాళ్ళు మొక్కలు పచ్చగానే ఉన్నాయి. కాలువ కట్టేశాక ఎవరూ రాలేదు. మేమూ చూడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కొన్ని మేకల పాలయ్యాయి. కొన్ని మనవాళ్ళే గట్టు మీద గడ్డికి పెట్టిన నిప్పులో పోయాయి. మార్చికి వెళ్ళి చూస్తే బతికినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. నాటిన రోజు లెక్క మాత్రం అలాగే కాగితం మీద ఉంది.

కెన్యాలో వంగారి మాథాయ్ 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు పల్లె ఆడవాళ్ళే నర్సరీలు పెంచారు. మొక్క బతికితేనే వాళ్ళకు చిన్న మొత్తం ముట్టేది. ఆమెకు 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మన ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య గారు జేబులో గింజలు పోసుకుని సైకిల్ మీద తిరిగి నాటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025లో కన్నుమూశారు. ఆయన నాటి వదిలేసిన మనిషి కాదు, తిరిగి వచ్చి చూసుకున్న మనిషి. ఇద్దరి దగ్గరా నేర్చుకోవలసింది ఒకటే. లెక్క నాటినవాటిది కాదు, బతికినవాటిది.

రెండో మాట, ఏ మొక్క ఎక్కడ పెట్టాలన్నది. తొందరగా పచ్చబడుతుందని నగరాల్లో కోనోకార్పస్ విరివిగా పెట్టారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటవద్దని నిషేధించింది. అలాంటి మొక్క మన ఊళ్ళకు అక్కర్లేదు. పొలం అంచున కానుగ పెడితే దాని ఆకు మడిలో తొక్కుకోవచ్చు. గిరిపుష్పం పెడితే పచ్చిరొట్ట దొరుకుతుంది. నేరేడు, చింత, వేప ఊరి దారుల వెంట ఉండాలి. వరిమడి పక్కన దట్టమైన నీడ పడితే పంట దెబ్బతింటుంది కాబట్టి ఏ గట్టు మీద ఏది పెట్టాలో ఆ పొలం రైతును అడిగే పెట్టాలి.

కాలువ గట్ల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎలా మునిగిందో మనం మరచిపోలేదు. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారింది. కృష్ణ నిండుగా ఉంటే బుడమేరు నీరు అందులో కలవలేక వెనక్కి ఎగదన్నుతుంది. ఆ గండ్లకు చెట్లు కారణమని మేము అనడం లేదు. కానీ మట్టి కట్ట మీద పెద్ద చెట్టు పెంచితే, అది చచ్చిన తర్వాత వేరు కుళ్ళిన చోటే నీటికి దారి దొరుకుతుంది. అందుకే కట్ట వాలు మీద వట్టివేరులాంటి గడ్డి పెట్టాలి. చెట్లు కట్టకు ఎడంగా ఉండాలి. జలవనరుల శాఖ ఇంజనీరును అడగకుండా కట్ట మీద గుంత తీయవద్దని క్లబ్బులవారికి మా విన్నపం.

మూడోది బూడిద. 1979 నుంచి మన పక్కన థర్మల్ కేంద్రం నడుస్తోంది. బొగ్గు కాలితే బూడిద తప్పదు. అది ఎండి గాలికి లేస్తే ఆకు మీద పేరుకుంటుంది, ఆకుకు ఎండ సరిగా అందదు. దారి వెంట చెట్ల వరుస ఉంటే కొంత దుమ్ము ఆగుతుంది, మంచిదే. కానీ చెట్ల వరుస చూపించి బూడిద సంగతి మరిపించకూడదు. బూడిదను నూటికి నూరు పాళ్ళు వాడుకోవాలని కేంద్రం 2021 డిసెంబరు నోటిఫికేషన్‌లో చెప్పింది. బూడిద లారీకి పట్టా కప్పాలని, చెరువు తడి ఆరకుండా చూడాలని అడగడం కూడా పర్యావరణ సేవే. మొక్క పట్టుకుని వచ్చేవాళ్ళు ఆ అర్జీ మీద కూడా మనతో సంతకం చేయాలి.

ఇక మన వైపు అడ్డంకులు. మన మండలంలో ఎందరో పొలం కౌలుకు చేస్తున్నారు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం పదకొండు నెలలకే. పన్నెండో నెలలో ఆ మడి ఎవరి చేతిలో ఉంటుందో తెలియని మనిషిని పదేళ్ళ చెట్టుకు నీళ్ళు పోయమంటే ఎలా పోస్తాడు? నీళ్ళు కౌలు రైతువి, చెట్టు భూస్వామిది అవుతుంది. సొంత భూమి ఉన్నవాళ్ళకు ఇంకో భయం. 2002 నాటి వాల్టా చట్టం వచ్చాక చెట్టు కొట్టాలంటే కాగితాల కోసం తిరగాలని, అసలు పెట్టకపోతే పోలా అనుకుంటున్నారు. ఈ రెండు ముళ్ళు విప్పకుండా ‘రైతులకు చెట్ల మీద ప్రేమ లేదు’ అనడం అన్యాయం.

అందుకే క్లబ్బులవారి ముందు మూడు మాటలు పెడుతున్నాం. ఒకటి, ఎన్ని తెచ్చినా సరే, మూడు వేసవులు చూసుకోగలిగినన్నే తెండి. మొదటి వేసవికి కంచె ఖర్చు, నీళ్ళ ట్యాంకరు ఖర్చు మొక్క ధరతో పాటే పక్కన పెట్టండి. రెండు, చెట్టు పెరిగే నేల కౌలుదైతే, నీళ్ళు పోసినవారికి ఆకు మీద, కాయ మీద హక్కు ఉండేలా భూయజమానితో రాత పెట్టించడంలో మాకు తోడు నిలవండి. మూడు, మీకు గింజలు మొలకెత్తించడం, కుండీల్లో పెంచడం బాగా తెలుసు. ఆ విద్యతో తెల్ల పొనికి నర్సరీ ఒకటి పెట్టండి. కొండపల్లి బొమ్మకు ఆ చెక్కే ప్రాణం. ఆ బొమ్మకు 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ చెక్క నానాటికీ అరుదైపోతోంది. అటవీ శాఖ అనుమతితో ఆ మొక్కను కొండ మీదికి చేరిస్తే బొమ్మలు చెక్కే కుటుంబాలు మిమ్మల్ని తరతరాలు తలుచుకుంటాయి.

మన సంఘం చేయవలసిందీ ఉంది. ప్రతి గ్రామ శాఖ మొక్కకు ఒక ఇంటిని ఒప్పజెప్పాలి. గట్ల మీద నిప్పు పెట్టడం మానాలి. మేకల కాపరులతో కూర్చుని మాట్లాడాలి, వాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు. మార్చి మొదటి ఆదివారం గట్టు వెంట నడిచి, బతికిన మొక్కలు లెక్కపెట్టి ఈ పత్రికకు రాసి పంపాలి. నాటినవాళ్ళను కూడా ఆ నడకకు పిలుద్దాం. ఆ రోజు కూడా టీ మనమే పోద్దాం.