ఉభయసమ్మతి విడాకులు: ఆఖరు వాయిదా

అనకాపల్లి బెల్లపు విపణిలో ధర కుదిరినంతమాత్రమున బేరము ముగియదు. తూకము జరుగవలెను, సొమ్ము చేత బడవలెను. వర్తకమున నింత జాగ్రత్త చూపు గృహస్థులే, కుమార్తెను ఉభయసమ్మతి విడాకుల ఆఖరు వాయిదాకు గొనిపోవునపుడు ‘ఎదుటివా రొప్పుకొనిరి గదా’ యని నిశ్చింతగా నుందురు. ఈ నిశ్చింతవలన నష్టపడునది తఱచుగా స్త్రీయే.

ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రమున నుండగనే, 1949లో, హిందువులకు విడాకుల శాసనము వచ్చినది. 1955 నాటి హిందూ వివాహ చట్టమునకు 1976లో 13-బి సెక్షను చేర్చిన పిదప తగవు లేకయే విడిపోవు మార్గ మేర్పడినది. దంపతులు ఏడాదికి తక్కువగాక వేఱుగా నుండి, ఇరువురును గలసి అర్జీ దాఖలు చేయవలెను. ఆఱు మాసములు గడచిన మీదట, పదునెనిమిది మాసముల లోపల, మరల నిరువురును గోరవలెను. తగిన సందర్భములలో ఆ ఆఱు మాసముల గడువును న్యాయస్థానము మాఫీ చేయవచ్చునని 2017లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అంతియేగాని, పెద్దమనుషులు తెల్లకాగితముపై వ్రాయించిన తెగతెంపుల పత్రముతో, కులాచారము ఋజువైనచోట దప్ప, వివాహము రద్దు గాదు.

ఆఖరు వాయిదానాడు న్యాయాధిపతి అడుగునది చిన్న ప్రశ్నయే: ఈ సమ్మతి నీదియేనా? బలవంతముగాని మోసముగాని లేదని తృప్తి కలుగనిదే డిక్రీ యీయరాదు. డిక్రీ వెలువడువఱకు ఎవరైనను సమ్మతిని వెనుకకు దీసికొనవచ్చునని 1991లోను, మౌనమును గైర్హాజరును సమ్మతిగా నూహింపరాదని 2009లోను సుప్రీముకోర్టు పలికినది. కావున ప్లీడరు నేర్పిన మాటలను వల్లించుకొనుట చాలదు. అర్జీలోని ప్రతి షరతును తెలుగున జదివించుకొని వినవలెను. విచారణ బహిరంగముగా గాక ఏకాంతమున జరుగవలెనని చట్టమే చెప్పుచున్నది గాన సిగ్గుపడి నోరు మెదపకుండ నక్కఱలేదు.

భూవసతి గల యిండ్లలో చిక్కంతయు షరతులలోనే యున్నది. పసుపుకుంకుమల క్రింద నిచ్చిన మడిచెక్క యెవరి పేర నున్నది? బంగారమెంత, ఎవరి యొద్ద నున్నది? బిడ్డ యెవరికడ బెరుగును, చదువు ఖర్చు లెవరివి? ‘తరువాత చూచుకొందము’ అను మాటను ఆ దినమున నమ్మరాదు. భూమి మార్పిడికి దస్తావేజు ముందే రిజిస్టరు చేయించుట క్షేమము. మనోవర్తి మొత్తము బ్యాంకు డిమాండు డ్రాఫ్టుగా వాయిదానాడే చేతి కందుట మేలు. త్వరగా విముక్తి నిచ్చెదమని యాశ చూపి, భరణము నంతను వదలుకొన్నట్లు స్త్రీచే వ్రాలు చేయించు పద్ధతిని మేము గర్హింతుము. ఖర్చునకు జంకు స్త్రీలకు, 1987 నాటి చట్టము ననుసరించి, ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము లభించును.

శుభలేఖ, వివాహపు ఛాయాచిత్రములు, ఆధారు కార్డు, అర్జీ నకలు వెంట నుండవలెను. ఒకరు అమెరికాలో నుండి రాలేనిచో వీడియో ద్వారా హాజరగుటకును, తగిన కారణమున్నచో దగ్గఱి బంధువు ద్వారా నడుపుకొనుటకును 2017 నాటి తీర్పే వీలు చూపినది; ఆ యనుమతిని మాత్రము ముందుగనే కోరవలెను. డిక్రీ వెలువడిన పిదప సర్టిఫైడు నకళ్లు రెండు మూడు తీసికొనుట మఱవరాదు. పాసుపోర్టు కచ్చేరిలోను, బ్యాంకులోను, పునర్వివాహ సమయమునను వానినే యడుగుదురు.