తూకంరాళ్ళను తూచేదెవరు?

ఏటా ఒకసారి ఢిల్లీ నుంచి యూనివర్సిటీల ర్యాంకులు వస్తాయి. మర్నాడు పత్రికల నిండా అవే. ఫలానా యూనివర్సిటీ పైకి పోయింది, ఫలానాది కిందికి జారింది. పైకి పోయినవాళ్ళు శాలువాలు కప్పించుకుంటారు, జారినవాళ్ళు కమిటీలు వేస్తారు. ఇంతకూ ఏం తూచారు, ఏ రాళ్ళతో తూచారు అని అడిగేవాళ్ళు మాత్రం కనబడరు. ఈ పక్షం ఆ సంగతే మాట్లాడుకుందాం. ఇది ప్రొఫెసర్ల గొడవ, మనకెందుకులే అనుకోవద్దు. మన ఇళ్ళలోంచి మొట్టమొదటిసారి పీహెచ్‌డీ దాకా వెళ్ళిన పిల్లల ఉద్యోగం, ప్రమోషను, పరువు ఇవాళ ఈ కాటా మీదే ఉన్నాయి.

ఈ కాటా ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం. ఒక శాస్త్రవేత్త వ్యాసం రాస్తే తాను ఆధారం చేసుకున్న పాత వ్యాసాల పేర్లు చివర ఇస్తాడు. దాన్ని సైటేషన్ అంటారు, మనం ఉటంకింపు అనుకుందాం. ఈ ఉటంకింపులన్నీ పోగేసి ఒక సూచిక తయారుచేస్తే, ఒక ఆలోచన ఎవరి దగ్గర మొదలై ఎవరెవరి దాకా పాకిందో పట్టుకోవచ్చని అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో రాశాడు. ఆయనకు దారి చూపింది లాయర్ల పుస్తకం. ఏ తీర్పును తర్వాత ఏ కోర్టు ఎత్తి చూపిందో చెప్పే షెపర్డ్ సూచిక అక్కడ 1873 నుంచీ ఉంది. గార్ఫీల్డ్ ఫిలడెల్ఫియాలో సంస్థ పెట్టి 1960ల్లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. 1975 నుంచి పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అచ్చవడం మొదలైంది. లెక్క కష్టమైనదేం కాదు. ఒక పత్రిక గత రెండేళ్ళలో వేసిన వ్యాసాలను ఈ ఏడు ఎన్నిసార్లు ఉటంకించారో చూసి, ఆ రెండేళ్ళ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే అది. తన సూచికలోకి ఏ పత్రికలను తీసుకోవాలో గార్ఫీల్డ్‌కు, ఏ పత్రిక కొనాలో లైబ్రరీవాళ్ళకు ఈ లెక్క పనికొచ్చింది.

బీరువాలో పుస్తకాల కోసం చేసిన కొలతను తెచ్చి మనిషి నెత్తిన పెట్టడంతో అసలు పేచీ మొదలైంది. అట్లా వాడొద్దని గార్ఫీల్డే హెచ్చరించాడు. ఎవరు విన్నారు? ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రిక సగటు. ఏ పత్రికలోనైనా కొద్ది వ్యాసాలకే ఎక్కువ ఉటంకింపులు వస్తాయి, మిగతావి ఆ సగటు నీడన బతుకుతాయి. ఇరవయ్యేళ్ళుగా పేపర్లు దిద్దుతున్న బడిపంతులుగా అడుగుతున్నాను. ఒక బడిలో ఒక పిల్లకు నూటికి నూరు వచ్చాయని ఆ బడిలో పిల్లలందరికీ మంచి మార్కులు వేస్తామా? పక్కఊరి బడికి సగటు తక్కువుందని అక్కడ బాగా రాసిన పిల్లకు మార్కులు కోసేస్తామా? బడిలో చేస్తే మెమో ఇచ్చే పనిని యూనివర్సిటీలో నిబంధన అంటున్నారు.

నిబంధనే చూడండి. 2010లో యూజీసీ అధ్యాపకులకు పాయింట్ల పద్ధతి పెట్టింది. అది మారుతూ మారుతూ 2018 జులై నిబంధనల దగ్గరికొచ్చింది. ప్రొఫెసర్ కావాలంటే కనీసం 10 వ్యాసాలు, 120 పాయింట్లు. అసోసియేట్ ప్రొఫెసర్‌కు 7 వ్యాసాలు, 75 పాయింట్లు. వ్యాసానికి మామూలు పాయింట్లు పోగా, పత్రికకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేకుంటే అదనంగా 5, అది 10 దాటితే అదనంగా 30. ఆ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను థామ్సన్ రాయిటర్స్ జాబితా ప్రకారం చూడాలన్నారు. ఆ కంపెనీ ఈ వ్యాపారాన్ని 2016లోనే అమ్మేసింది, ఇప్పుడది క్లారివేట్ చేతిలో ఉంది. అంటే మన ప్రభుత్వం తన అధ్యాపకులను పరాయి కంపెనీ కాటా మీద తూస్తోంది. ఆ కాటా యజమాని మారిన సంగతి కూడా రెండేళ్ళ తర్వాతి నిబంధనకు తెలియలేదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని పత్రికలంటే ఏవి? మన తెలుగు పత్రికలు. డక్కలి కథల మీద, చిందు యక్షగానం మీద, తోలు శుద్ధి చేసే పాత పద్ధతుల మీద, ఫ్లోరైడు నీళ్ళతో వంకరపోయిన నల్లగొండ ఊళ్ళ మీద తెలుగులో ఎంత గట్టిగా రాసినా ఆ అదనపు పాయింట్ల దగ్గర అట్టడుగే. ఆ ఊళ్ళవాళ్ళు చదివి పనికి తెచ్చుకునే వ్యాసానికి 5, వాళ్ళెన్నడూ చూడని పత్రికలో వచ్చినదానికి 30. ఇక పరిశోధకుడు ఎవరికోసం రాస్తాడు?

ఇదే కాటా మీద అంబేద్కర్‌ను పెట్టి చూద్దాం. భారతదేశంలో కులాల మీద కొలంబియా యూనివర్సిటీలో 1916లో ఆయన చదివిన వ్యాసం 1917లో ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రికలో వచ్చింది. సరే, దానికి పాయింట్లొస్తాయి. 1936లో లాహోర్ సభవాళ్ళు ప్రసంగం రద్దు చేసుకుంటే, సొంత ఖర్చుతో 1,500 కాపీలు అచ్చువేసుకున్న కులనిర్మూలనకు? పత్రిక లేదు, సమీక్షకుల కమిటీ లేదు, ప్రచురణ సంస్థ లేదు. సున్నా. ఈ దేశంలో ఇన్ని లక్షలమంది జీవితాన్ని మార్చిన పుస్తకానికి సున్నా వేసే కాటా దేన్ని తూస్తున్నట్టు?

ఉటంకింపులనైనా నేరుగా లెక్కపెడితే సరిపోతుందా? అక్కడా మెలికలున్నాయి. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావును తీసుకోండి. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి 1925లో ప్రకటించాడు. ప్రపంచంలో వేలాది వ్యాసాలు దాన్ని ఉటంకించాయి. కానీ గార్ఫీల్డ్ సూచిక తొలిరోజుల్లో ఉటంకింపును మొదటి పేరు కిందే నమోదు చేసేది. లెక్క ఫిస్కే పేరు కింద పడింది. సుబ్బారావు రెండో పేరు. ఇవాళ్టి యూజీసీ లెక్కలోనూ ముగ్గురు రాస్తే ముఖ్య రచయితకు 70 శాతం, మిగతావాళ్ళకు తలా 30. ల్యాబులో రాత్రింబవళ్ళు ప్రయోగం చేసిన పిల్లవాడి పేరు ఎన్నో స్థానంలో పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? గైడు. ఆ గైడు ఎవరు, ఆ పిల్లవాడు ఎవరు అన్న ప్రశ్న మన దేశంలో కులాన్ని తాకకుండా పోదు.

ఇంకో సంగతి. ఎక్కువ ఉటంకింపులొచ్చింది ఎక్కువ గొప్పదని కాదు. ప్రోటీన్లను కొలిచే పద్ధతి మీద లౌరీ బృందం 1951లో రాసిన వ్యాసానికి 3 లక్షలకు పైగా ఉటంకింపులొచ్చాయి. 2014లో నేచర్ పత్రిక లెక్క తీస్తే అదే అందరికంటే పైన. అది తన గొప్ప వ్యాసమేం కాదని లౌరీయే ఒప్పుకున్నాడు. అందరికీ రోజూ అవసరమైన పనిముట్టు గనక పేరు చెప్పారు, అంతే.

పేరున్నవాడికే పేరొస్తుందన్న సంగతిని రాబర్ట్ మెర్టన్ 1968లో సైన్స్ పత్రికలో రాశాడు. ఉన్నవాడికే ఇంకా చేరుతుంది, లేనివాడి దగ్గరున్నదీ పోతుంది అనే మాట బైబిల్లో మత్తయి సువార్తలో ఉంది కదా, దాన్నిబట్టే దీనికి మత్తయి ప్రభావం అని పేరు పెట్టాడు. ఆ వ్యాసానికి ముడిసరుకు చాలావరకు హారియట్ జుకర్‌మన్ అనే పరిశోధకురాలు చేసిన ఇంటర్వ్యూల నుంచి వచ్చింది. వ్యాసం మీద ఆమె పేరు కూడా ఉండాల్సిందని మెర్టన్ 1973లో రాసుకున్నాడు. ఆడవాళ్ళ శ్రమ మగవాళ్ళ ఖాతాలో పడే ఈ తంతుకు 1993లో మార్గరెట్ రోసిటర్ మటిల్డా ప్రభావం అని పేరు పెట్టింది. అన్యాయాన్ని కనిపెట్టిన వ్యాసంలోనే ఆ అన్యాయం జరిగింది చూశారా.

మన దేశంలో మత్తయి ప్రభావానికి కులం తోడైంది. మనుషులు తమకు తెలిసినవాళ్ళనే ఉటంకిస్తారు. సెమినార్లో కలిసినవాళ్ళను, గైడు స్నేహితులను, తమ వ్యాసం చూడబోయే పెద్దలను. ఆ గదుల్లో మనం ఎంతమందిమి? 2023 జనవరిలో నేచర్ పత్రిక భారత సైన్సులో కులం మీద లెక్కలు వేసింది. పై వరుస ఐఐటీలలో, బెంగుళూరు ఐఐఎస్సీలో ప్రొఫెసర్లలో దళితులు, ఆదివాసులు 1 శాతానికి లోపే. గదిలోనే లేనివాళ్ళను ఎవరు ఉటంకిస్తారు?

డబ్బు సంగతి సరేసరి. నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని అందరూ ఉచితంగా చదివేలా పెట్టడానికి 2021లో రుసుము 9,500 యూరోలు. మన రూపాయల్లో 8 లక్షల పైమాట. అప్పుడు జేఆర్ఎఫ్ నెలకు 31,000. రెండేళ్ళ ఫెలోషిప్ పైసా ముట్టకుండా దాచినా చాలదు.

ఇక యూనివర్సిటీ ర్యాంకులు. 2023 నాటి ఎన్ఐఆర్ఎఫ్ లెక్క తీయండి. పరిశోధనకు నూటికి 30. అందులో వ్యాసాలు, ఉటంకింపుల లెక్క స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే రెండు కంపెనీ ఖాతాల నుంచి తీస్తారు. పెద్దల అభిప్రాయానికి 10. అందరినీ కలుపుకుపోయినందుకు మొత్తం 10, అందులో ఆర్థికంగా, సామాజికంగా వెనకబడ్డ విద్యార్థుల వాటా ఐదో వంతు. అంటే నూటికి 2. ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులు ఎంతమంది ఉన్నారన్నదానికి విడిగా మార్కే లేదు. రిజర్వేషన్ పోస్టులన్నీ ఖాళీగా పెట్టుకున్న యూనివర్సిటీ కూడా దర్జాగా ముందువరుసలో కూర్చోవచ్చు.

కొలబద్దే గమ్యమైతే దొంగకొలతలు పుట్టక మానవు. హైదరాబాద్ కేంద్రంగా వందల పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన సమీక్ష లేకుండానే అచ్చువేస్తూ, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి అబద్ధాలు చెప్పి రుసుములు దండుకుందని కోర్టు తేల్చి, 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. 2018 మేలో యూజీసీ తన జాబితా నుంచి ఒక్కసారిగా 4,305 పత్రికలను తీసేసింది. తర్వాత కేర్ పేరుతో ఇంకో జాబితా తెచ్చి, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. జాబితాలు పెట్టినవాళ్ళకు ఏమీ కాలేదు. జాబితాలో ఉందని నమ్మి, అప్పుచేసి రుసుము కట్టి వ్యాసం వేయించుకున్న చిన్న కాలేజీ లెక్చరరు దోషిగా నిలబడ్డాడు. పెద్దచోట్ల మోసానికి వేరే దారులున్నాయి. విద్యార్థుల చేత పరీక్ష రాయించినట్టు వ్యాసాలు రాయించి, వాటిలో తమ కాలేజీ వ్యాసాలనే ఉటంకింపజేసుకుని ర్యాంకు పెంచుకున్న తమిళనాడు దంతవైద్య కళాశాల సంగతి 2023లో సైన్స్ పత్రిక బయటపెట్టింది.

ఇదంతా చూసి కొందరు మేధావులు, లెక్కలే వద్దు, పాండిత్యాన్ని అంకెల్లో కొలవొద్దు అంటున్నారు. మిత్రులారా, ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. అంకెలు పోతే ఆ చోట ఏమొస్తుంది? ఇంటర్వ్యూ బోర్డు పెద్దల కంటిచూపు వస్తుంది. 2018 నిబంధనల్లోనే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి పాయింట్లు ఇంటర్వ్యూకి పిలిచేదాకే. ఎంపిక ఇంటర్వ్యూలో చూపిన ప్రతిభను బట్టి మాత్రమే. అంటే వ్యాసాలు, నెట్, పీహెచ్‌డీ అన్నీ గుమ్మం దాకా తెచ్చి, లోపల మళ్ళీ ఇంటిపేరు చదివే ఏర్పాటు. తగినవాళ్ళు దొరకలేదు అన్న ఒక్క వాక్యంతో మన పోస్టులు ఎన్ని ఖాళీగా పోయాయో తెలిసినవాళ్ళం మనం. కాగితం మీద అంకె ఉంటే కనీసం కోర్టులో చూపించవచ్చు, సమాచార హక్కు కింద అడగవచ్చు. పెద్దమనిషి పెదవి విరుపును ఏ కోర్టులో చూపిస్తాం?

కాబట్టి కాటా వద్దనడం మన మాట కాకూడదు. కాటాను బజార్లో పెట్టి అందరి ముందూ తూచమనాలి. తూకంరాళ్ళను కూడా తూచమనాలి. ఇది మనమొక్కరమే అంటున్నది కాదు. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనిషిని తూచొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శాస్త్రవేత్తలు, సంపాదకులు కలిసి ప్రకటన రాశారు. 2015లో నేచర్‌లో వచ్చిన లైడెన్ ప్రణాళిక పది సూత్రాలు చెప్పింది. స్థానిక అవసరాల మీద, స్థానిక భాషల్లో జరిగే మంచి పరిశోధనను కాపాడాలన్నది అందులో ఒకటి. తూకానికి గురయ్యేవాళ్ళకు తమ లెక్కను సరిచూసుకునే హక్కుండాలన్నది ఇంకొకటి. ఈ రెండూ మనకు ఆయుధాలు.

మన డిమాండ్లు ఇవి:

1. ర్యాంకుల లెక్కలో ఎస్సీ, ఎస్టీ, బీసీ అధ్యాపకుల, పరిశోధక విద్యార్థుల సంఖ్యకు విడిగా మార్కులుండాలి. నింపని రిజర్వేషన్ పోస్టులకు మార్కులు కోయాలి.

2. వ్యాసం ఏ పత్రికలో వచ్చిందని కాకుండా వ్యాసంలో ఏముందో చదివి తూచాలి. చదివినవాళ్ళు తమ అభిప్రాయం రాతపూర్వకంగా ఇవ్వాలి, అభ్యర్థికి దాన్ని చూపాలి.

3. తెలుగులోనూ ఇతర దేశభాషల్లోనూ వచ్చే పరిశోధనను ఆ భాష తెలిసినవాళ్ళే సమీక్షించాలి. ఇంగ్లీషు వ్యాసంతో సమానంగా పాయింట్లివ్వాలి.

4. పరిశోధనలో ఎవరు ఏ పని చేశారో ప్రతి వ్యాసంలో రాయాలి. పేర్ల వరుస గైడు దయాధర్మం కాకూడదు.

5. ఇంటర్వ్యూ మార్కులు, కారణాలు బయటపెట్టాలి. తగినవాళ్ళు లేరని రాసే బోర్డు, వచ్చిన ప్రతి అభ్యర్థి ఎందుకు తగడో పేరుపేరునా రాయాలి.

యూనివర్సిటీల్లో ఉన్న మన విద్యార్థులు, అధ్యాపకులు మీమీ శాఖల్లో ఈ లెక్కలు తీయండి. ఎన్ని పోస్టులు, ఎందరు మనవాళ్ళు, ఎవరి పేరు ఎన్నోది. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు. తీసిన లెక్క ఈ పత్రికకు పంపండి, అచ్చువేస్తాం. మనల్ని ఇంతకాలం లెక్కపెట్టిన చేతులను ఇక మనం లెక్కపెడదాం.