కాళ్లలో ఉబ్బిన నరాలు: చికిత్సకు గంట.. అనుమతికి నెలలు!

వెరికోస్ వీన్స్‌కు ముందుగా ఏ చికిత్స చేయాలన్న విషయంలో వైద్యులు పదేళ్ల కిందటే ఒక మాట మీదికి వచ్చారు. అమెరికాలో చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు మాత్రం ఇంకా పాత దారిలోనే ఉన్నాయి. మధ్యలో నలిగేది రోగి.

మనం వాడుకలో నరాలు అంటాం గానీ ఇవి సిరలు, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే నాళాలు. వాటిలోని కవాటాలు పాడైతే రక్తం కిందికి జారి కాళ్లలో నిలిచిపోతుంది. 'నరాల బలహీనత' అనుకుని విటమిన్ మాత్రలు మింగితే ఇది తగ్గదు. వంశపారంపర్యం, గర్భధారణ, వయసు, అధిక బరువుతో పాటు గంటల తరబడి నిలబడే పని కూడా దీనికి తోడవుతుంది. గ్యాస్ స్టేషన్లు, రెస్టారెంట్లు, ఫార్మసీలు, ఆస్పత్రుల్లో పనిచేసే మనవాళ్లకు ఈ కాళ్ల బరువు, నొప్పి కొత్త కాదు. పట్టించుకోకపోతే కొందరిలో చీలమండ దగ్గర చర్మం నల్లబడి, మానని పుండు పడుతుంది.

ఒకప్పుడు గజ్జల దగ్గర కోసి సిరను లాగేసేవారు. 1999లో రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతికి ఎఫ్‌డీఏ అనుమతి రావడంతో పరిస్థితి మారింది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నని క్యాథెటర్‌ను సిరలోకి పంపుతారు. చుట్టూ మత్తుమందు కలిపిన సెలైన్ ఎక్కిస్తారు. బాగా వాడుకలో ఉన్న రకంలో చివరి 7 సెంటీమీటర్ల భాగం విద్యుత్‌తో 120 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. ఒక్కో విడత 20 సెకన్లు. సిర ముడుచుకుని మూసుకుపోతుంది, రక్తం బాగున్న సిరల్లోకి మళ్లుతుంది. సాధారణంగా రోగి అదే రోజు నడిచి ఇంటికి వెళ్లొచ్చు.

బ్రిటన్‌లో నైస్ సంస్థ 2013లోనే ఈ వేడి చికిత్సకు మొదటి స్థానం ఇచ్చింది. ఇలాంటి చికిత్స కుదరని వారికే బిగుతు మేజోళ్లు అని చెప్పింది. అమెరికా వాస్క్యులర్ సర్జన్ల సంఘం కూడా చికిత్సకు అర్హులైన వారికి మేజోళ్లనే ప్రధాన వైద్యంగా వాడొద్దని 2011లో సూచించింది. అయినా ఇక్కడ చాలా పాలసీలు ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా మేజోళ్లు వేసుకుని చూడాలని షరతు పెడుతున్నాయి. ఆలస్యానికి మూల్యం ఉంటుంది. బ్రిటన్‌లో 450 మంది కాలి పుండు రోగులపై జరిగి 2018లో వెలువడిన ఎవ్రా అధ్యయనంలో, సిరకు త్వరగా చికిత్స చేసిన వారికి పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టింది. వాయిదా వేసిన వారికి 82 రోజులు.

కంపెనీల వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. ఉచిత స్క్రీనింగ్ అంటూ పిలిచి, అవసరం లేకున్నా ఒకదాని తర్వాత ఒక సిరను మూసే క్లినిక్‌ల బెడద నిజమే. కానీ దానికి విరుగుడు మేజోళ్ల నిరీక్షణ కాదు, సరైన పరీక్ష. డూప్లెక్స్ అల్ట్రాసౌండ్‌లో రక్తం అరసెకను కంటే ఎక్కువసేపు వెనక్కి ప్రవహిస్తోందా, బాధలు దానికి సరిపోతున్నాయా అన్నదే కొలమానం కావాలి. చర్మంపై సన్నని సాలీడు గీతలు మాత్రమే ఉంటే, అది సాధారణంగా అందం కోసం చేయించుకునే వైద్యమే.

అందాకా రోగి కాగితాలు పక్కాగా ఉంచుకోవాలి. మేజోళ్లను డాక్టర్ ప్రిస్క్రిప్షన్‌తోనే కొనండి, ఆ తేదీ నుంచి రికార్డు మొదలవుతుంది. నొప్పి వల్ల పనికి కలుగుతున్న ఇబ్బందిని ప్రతి విజిట్‌లో నోట్ చేయించండి. మొదటి సిరకు సీపీటీ కోడ్ 36475తో ముందస్తు అనుమతి అడిగించండి. నిరాకరిస్తే 180 రోజుల్లోగా అప్పీల్ చేయొచ్చు. అక్కడా కాదంటే, వైద్య అవసరంపై వివాదాల్లో కంపెనీతో సంబంధం లేని సమీక్షకుల దగ్గరికి వెళ్లే హక్కును చాలా ప్లాన్లలో చట్టమే ఇచ్చింది.

ఖర్చు చూసుకుని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయించుకుందామనుకునే వారు సెలవులు లెక్కేసుకోవాలి. చికిత్స తర్వాత రక్తం గడ్డ కట్టే ముప్పు తక్కువే అయినా ఉంటుంది. అందుకే మళ్లీ అల్ట్రాసౌండ్ చేస్తారు, కొన్ని వారాలు సుదీర్ఘ విమాన ప్రయాణాలు వద్దంటారు. రెండు వారాల ట్రిప్‌లో ఇరికించుకునే పని కాదిది.