ఎండ మనది, వెలుగెవరిది?

సీమకు ఏం చేశారని అడిగితే పాలకులు ఇప్పుడు సోలార్ పలకల వైపు వేలు చూపిస్తున్నారు. కరువు సీమ కరెంటు సీమ అయింది, ఇంకేం కావాలి అంటున్నారు. నిజమే, అయింది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల పొలిమేరల్లో దాదాపు 6 వేల ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. ప్రపంచంలోనే పెద్దదని అప్పట్లో చాటుకున్నారు. కడప జిల్లా మైలవరం పార్కులో 250 మెగావాట్ల వేలం 2017 ఏప్రిల్‌లో యూనిట్ 3 రూపాయల 15 పైసలకు పడి దేశమంతా వార్త అయింది. పాణ్యం మండలం పిన్నాపురం గుట్టల్లో సోలార్, గాలిమరలు, నీళ్లు కలిపి 5,230 మెగావాట్ల ప్రాజెక్టుకు 2022 మేలో శంకుస్థాపన చేశారు. ఈ లెక్కలన్నీ మాకూ తెలుసు. మేం అడుగుతున్నది ఒక్కటే. ఆ వెలుగులో మన వాటా ఎంత?

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బొగ్గు పోవాలి, ఎండా గాలీ రావాలి. ఇందులో మాకు రెండో మాట లేదు. ఎందుకంటే బొగ్గు కరెంటు ఖరీదు ఏమిటో ఎర్రగుంట్ల, ముద్దనూరు జనానికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం తొలి యూనిట్ 1994లో మొదలైంది. 2018లో 600 మెగావాట్ల ఆరో యూనిట్‌తో మొత్తం 1650 మెగావాట్లయింది. సీమ నేలలో బొగ్గు లేదు. ప్రతి పెళ్ళా వందల కిలోమీటర్ల అవతల నుంచి రైలెక్కి రావాలి. యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే ఈ కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున సుమారు 25 వేల టన్నులు. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. అంటే రోజుకు 8 వేల టన్నులకు పైగా బూడిద! పాత కేంద్రాలకు 2015లో కేంద్రం పెట్టిన నీటి పరిమితి యూనిట్‌కు మూడున్నర లీటర్లు. ఆ లెక్కన రోజుకు దాదాపు 14 కోట్ల లీటర్లు. తాగునీటికి ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టే జిల్లాలో ఈ అంకె చదివి మౌనంగా ఉండగలమా?

ఈ బూడిద ఎవరి లారీల్లో పోవాలన్న పంచాయితీలో 2024 నవంబరులో ఇద్దరు పెద్ద నాయకుల వర్గాలు ఢీ అంటే ఢీ అన్నాయి. పోలీసులు మోహరించారు. బూడిద పీల్చే ఊళ్ల మాట ఆ పంచాయితీలో మాకు వినిపించలేదు. ఇక గంధకం వాయువును పట్టే యంత్రాలు బిగించాలని 2015 డిసెంబరులోనే కేంద్రం నిబంధన తెచ్చింది. గడువు మీద గడువు పెంచుతూ వచ్చి, 2025 జులైలో దేశంలోని అత్యధిక థర్మల్ కేంద్రాలకు ఆ నిబంధన నుంచే మినహాయింపు ఇచ్చేసింది.

పొగ గొట్టం దగ్గరే ఈ కథ ముగియదు. యూనిట్‌కు కిలోకు అటూ ఇటూ కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోస్తుంది. దించినప్పుడు కుంభవృష్టిగా దించుతుంది. 2009 అక్టోబరులో కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఫలానా వరద ఫలానా గొట్టం వల్లేనని మేం అనడం లేదు. కానీ వానలు గతి తప్పితే మొదట చితికేది వానమీద బతికే మెట్ట రైతే.

అందుకే సోలార్‌ను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. అయితే బొగ్గు కాలంలో జరిగిన పంపకమే ఎండ కాలంలోనూ జరుగుతుంటే చూస్తూ ఊరుకోలేం. రెండు ఉదాహరణలు చాలు.

ఒకటి: ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఆర్సెలార్ మిట్టల్ తలపెట్టిన 975 మెగావాట్ల సోలార్, గాలిమరల ప్రాజెక్టు కరెంటు గుజరాత్‌లోని హజీరా ఉక్కు కర్మాగారం కోసం. మరి కడప ఉక్కు? 2007లో ఒక శంకుస్థాపన, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో మళ్లీ భూమిపూజ. 2014 విభజన చట్టంలోనూ రాసుకున్నారు. రాళ్లు పడ్డాయి గానీ ఒక్క టన్ను ఉక్కు రాలేదు. మన ఎండతో ఎక్కడో ఉక్కు కరుగుతుంటే మన పిల్లలు బెంగళూరు బస్సెక్కుతున్నారు.

రెండు: 2021 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సెకీతో 7 వేల మెగావాట్ల సోలార్ కరెంటుకు ఒప్పందం చేసుకుంది. యూనిట్ 2 రూపాయల 49 పైసలు. పలకలు పెట్టేది రాజస్థాన్‌లో! ధర తక్కువ, అంతర్రాష్ట్ర లైన్ల ఛార్జీలు ఉండవు అన్నారు. సరే, ధరే చూద్దాం. కానీ అవే పలకలు సీమలో ఉంటే వచ్చే కౌలు, కూలి, పన్ను ఏ ఖాతాలో వేశారు? ఎండకు పేరుమోసిన సీమను పక్కన పెట్టుకొని ఎండను దిగుమతి చేసుకోవడం ఏం తెలివి? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. సీమ నుంచి ముఖ్యమంత్రులకు కొదవ లేదు. విస్తరి మాత్రం ఖాళీగానే ఉంది.

భూమి సంగతి చూద్దాం. మెగావాట్‌కు అయిదారు ఎకరాలు కావాలి. అధికారుల కాగితాల్లో అది బంజరు. మన కళ్లకు అది డీకేటీ పట్టా, కొర్ర చేను, గొర్రెల మేత బీడు. పట్టా ఉన్నవాడికి ఏదో ముడుతుంది. పట్టా లేకుండా తరాలుగా సాగు చేసుకున్నవాడికి, కౌలుదారుకు, కాపరికి ఏం ముడుతుంది? ఆ బీడు చుట్టూ కంచె పడ్డాక మంద ఎటు పోవాలి? పార్కు కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది. కట్టాక కాపలాకు, పలకలు తుడవడానికి కొద్దిమందే మిగులుతారు.

పిన్నాపురంలో పగలు మిగిలిన కరెంటుతో నీళ్లను పై జలాశయానికి ఎత్తి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పే ఏర్పాటు. మంచి సాంకేతికత, కాదనం. కానీ సీమ చేలకు నీళ్లెత్తాలంటే కరెంటు బిల్లు భారమని నసిగేవాళ్లకు, కరెంటు అమ్ముకోవడానికి నీళ్లు గుట్టెక్కుతుంటే ఏ అభ్యంతరమూ కనిపించదు!

మా డిమాండ్లు గొంతెమ్మ కోరికలేం కావు. భూమి అమ్మకం వద్దు, కౌలు కావాలి. ఆ కౌలు ఎప్పటికప్పుడు పెరగాలి, సాగులో ఉన్నవాడికీ కాపరికీ అందులో హక్కుండాలి. సీమలో పుట్టే ప్రతి యూనిట్ మీద కొంత సొమ్ము ఆ మండలానికే జమ కావాలి. హంద్రీ-నీవా ఎత్తిపోతలకు, రైతు మోటార్లకు పగటిపూట సోలార్ కరెంటు మొదటి హక్కుగా దక్కాలి. 2019లో వచ్చిన కుసుమ్ పథకం ప్రకారం సబ్‌స్టేషన్ దగ్గర బీడు భూమిలో రైతులే 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకోవచ్చు. సర్కారు అప్పు ఇప్పించి, సంఘాలు కట్టించి దాన్ని నడిపించాలి. ఐటీఐ, డిప్లొమా చదివిన స్థానికులకు ఉద్యోగాల్లో ముందు చోటివ్వాలి. పలకలు కడగడానికి బోర్లు తోడకుండా, నీళ్లు లేకుండా తుడిచే యంత్రాలే పెట్టాలి.

థర్మల్ ఉద్యోగ సోదరులకు ఒక మాట. బొగ్గు పోవాలంటే మీ పొట్ట కొట్టాలని అర్థం చేసుకోకండి. తొలి యూనిట్‌కు 30 ఏళ్లు దాటాయి. మూతపడే రోజు చెప్పి రాదు. ఆ రోజుకు ముందే కాంట్రాక్టు కార్మికులతో సహా అందరికీ కొత్త పనిలో శిక్షణ, చోటు రాతపూర్వకంగా కావాలి. ఆ పోరాటంలో మీ పక్కనే ఉంటాం. విద్యార్థి మిత్రులారా, మీ మండలంలో ఎన్ని ఎకరాలు పోయాయో, ఎవరికి ఎంత ముట్టిందో లెక్క తీయండి. లెక్క మన చేతిలో లేనంతకాలం వాళ్లు చెప్పిందే లెక్క.

1937లో శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్లలో సీమకే ముందు వాటా అన్నారు. కాగితం మిగిలింది, నీళ్లు పోయాయి. ఎండకు ఇంకా ఏ ఒడంబడికా రాయలేదు. ఈసారి రాసేటప్పుడు కలం మన చేతిలో ఉండాలి.