కోటలు వారివి, మల్బరీ తోటలెవరివి?

"రికార్డు పూర్తి చేసుకోక లెబనాన్ రాజవంశాల గొడవ నీకెందుకోయ్?" అన్నాడు నా రూమ్మేటు. సైన్సు విద్యార్థినే, కాదనను. కానీ మా ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. పురుగులు ఆకు బాగా తినే రోజుల్లో మా అమ్మకు రాత్రిళ్ళు నిద్ర ఉండదు. లెబనాన్ కొండ రైతులదీ అదే బతుకని లైబ్రరీలో చదివాక పుస్తకం మూయబుద్ధి కాలేదు.

ఆటోమన్ సుల్తానుల కింద ఆ కొండల్ని స్థానిక వంశాలు ఏలాయి. శిస్తు వసూలు చేసి, కొంత సుల్తానుకు కట్టి, మిగతాది అట్టే పెట్టుకోవడం వారి పద్ధతి. మొదట మాన్ వంశం. వీరు పదకొండో శతాబ్దంలో పుట్టిన ద్రూజ్ మతశాఖవారు. వీరిలో రెండవ ఫక్రుద్దీన్ పట్టు వ్యాపారాన్ని పెంచిన సమర్థుడే. 1635లో సుల్తాను అతనికి మరణశిక్ష వేశాడు. 1697లో మగ వారసుడు లేక, కూతుళ్ళ వైపు చుట్టాలైన షిహాబులకు అధికారం దక్కింది. వీరు సున్నీ ముస్లిములు. తర్వాత పాలించే శాఖవారు మారొనైట్ క్రైస్తవులయ్యారు.

ప్రభువుల మతం మారింది. మరి రైతు గతి మారిందా? బైతెద్దీన్‌లో అందమైన మేడ కట్టించిన రెండవ బషీర్ షిహాబ్, పన్నుల మీద పన్నులు వేశాడు. 1820లో మారొనైట్ రైతులే అంతెలియాస్‌లో గుమిగూడి "కట్టం పొండి" అన్నారు. 1858లో కిస్రవాన్ రైతులు తమ మతంవారే అయిన ఖాజిన్ దొరలను తరిమేశారు. నాయకుడు తానియూస్ షాహీన్ రాజవంశీకుడు కాడు, సామాన్యుడు.

ఆ తిరుగుబాటు అలాగే సాగితే ఏమయ్యేదో! దక్షిణాన దొరలు ద్రూజులు, రైతుల్లో చాలామంది మారొనైట్లు. అక్కడ శిస్తు తగాదా కాస్తా మత తగాదా అయింది. 1860లో వేలమంది చచ్చారు. 1861 శాసనం దొరల హక్కుల్ని కాగితం మీద రద్దు చేసింది. ఇంటిపేర్లను మాత్రం రద్దు చేయలేకపోయింది.

ఈ వంశాలే లేకుంటే ఆ కొండలకు స్వయంపాలన ఉండేదా అంటారు కొందరు. నిజమే కావచ్చు. షిహాబుల ఇంటి ఫువాద్ 1958 నుంచి 1964 దాకా మంచి అధ్యక్షుడనిపించుకున్నాడు కూడా. కానీ జుంబ్లాట్ల సంగతి చూడండి. ద్రూజ్ దొరల ఇంట పుట్టిన కమాల్ జుంబ్లాట్ 1949లో సోషలిస్టు పార్టీ పెట్టాడు. 1977లో ఆయన హత్యకు గురైతే పార్టీ కొడుకు వలీద్‌కు, 2023లో మనవడు తైమూర్‌కు వచ్చింది. సోషలిజానికీ వారసత్వమేనా?

మిత్రులారా! చరిత్రలో ఒక వంశం పేరు కనబడినప్పుడల్లా, ఆ మేడకు రాళ్ళెత్తిందెవరు, శిస్తు కట్టిందెవరు అని ఒక్కసారి అడగండి. దొర మనవాడా, పరాయివాడా అన్నది తర్వాతి మాట. ముందు ఆ ఆకు కోసిన చేతుల సంగతి తేలాలి.