వైరు వచ్చేదాకా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు మారి చూడు అనడం మరిచిపోయినట్టున్నారు! అద్దె కొంపల్లో సంసారాలు చేసే మనకి రెండేళ్లకో మూడేళ్లకో ఆ ముచ్చట తప్పదు. ఆషాఢం వెళ్లేదాకా ఆగి, మంచిరోజు చూసుకుని, పాలు పొంగించి సామాను దించుకుంటాం. గ్యాసు మార్పించుకోవడం, పాలవాణ్ని మాట్లాడుకోవడం, పనిమనిషిని వెతుక్కోవడం... ఇవన్నీ అలవాటైన యాతనలే. ఈమధ్య వీటికి ఇంకొకటి తోడైంది. అదే ఫైబర్ నెట్.

"నెట్ లేకపోతే ఏం కొంప మునిగింది? నాలుగు రోజులు సినిమాలు చూడరు, అంతేగా!" అని నవ్వేశారు మా బావగారు. ఆయన పింఛను తీసుకుంటున్నారు కనక నవ్వగలరు. మా ఇంట్లో మునగబోయింది కోడలి ఉద్యోగం.

మా కోడలు మెడికల్ బిల్లింగ్ కంపెనీలో పనిచేస్తుంది. బాబుకి పది నెలలు. ప్రసూతి సెలవు అయిపోయాక ఇంటినుంచే పని చేసుకునేలా కంపెనీ వాళ్లు ఒప్పుకున్నారు కాబట్టే మళ్లీ చేరింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ తెచ్చి సెలవును 26 వారాలకు పెంచినప్పుడే ఈ మాట కూడా అందులో చేర్చారు. సెలవు తర్వాత పని స్వభావాన్ని బట్టి, యజమానితో ఒప్పందం మీద ఇంటినుంచి పని చేయవచ్చని. మంచి మాటే. అయితే ఆ ఇంటిదాకా తీగ ఎవరు లాగాలో, ఎన్నాళ్లలో లాగాలో ఆ చట్టానికి పట్టదు కదా!

మలక్‌పేట నుంచి బోడుప్పల్‌కి మారడానికి పది రోజుల ముందే కంపెనీకి చెప్పాం. "48 గంటల్లో అయిపోతుంది మేడమ్" అన్నారు. పట్టింది 23 రోజులు. రోజూ ఫోన్ చేసేది కోడలే. కనెక్షన్ ఉన్నది మాత్రం మా అబ్బాయి పేరు మీద. "సార్‌తో ఒకసారి మాట్లాడించండి మేడమ్" అంటారు. సార్ ఆ నెలంతా పుణెలో ఉన్నాడు. ఓటీపీ ఆ ఫోన్‌కి వెళుతుంది, ఆయనగారు మీటింగులో ఉంటాడు, ఈలోగా దాని గడువు అయిపోతుంది. బిల్లు కోడలి జీతంలోంచి కడుతున్నా, ఆ నెట్ మీద పనిచేసేది ఆవిడే అయినా, కంపెనీ లెక్కలో ఆవిడ "సార్ గారి తాలూకు".

ఇక "పొద్దున పదికీ సాయంత్రం ఆరుకీ మధ్య మా మనిషి వస్తాడు" అనే మాట వినని ఇల్లాలు ఉండదనుకుంటా. ఆ పదికీ ఆరుకీ మధ్య ఇంట్లో ఎవరు కూర్చోవాలి? మగవాళ్లని అడిగి చూడండి, "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అంటారు. ఆ రోజుకి బజారు లేదు, డాక్టరు లేడు, పిల్లాడి టీకా కూడా వాయిదా. ఒకరోజు మేమిద్దరం గుమ్మం కదలకుండా కూర్చుంటే సాయంత్రం మెసేజ్ వచ్చింది. మా సిబ్బంది వచ్చారు, ఇంటికి తాళం వేసి ఉంది, అభ్యర్థన మూసివేస్తున్నాం అని! ఇలా కనిపెట్టుకుని కూర్చోవడం కూడా ఒక పనేనని, దానికీ ఓ ఖరీదు ఉందని ఏ బిల్లులోనూ రాయరు.

పదకొండో రోజున ఒక కుర్రాడు వచ్చాడు. స్తంభం దగ్గర పెట్టె తెరిచి చూసి, "ఆంటీ, పోర్టులు ఖాళీ లేవు" అన్నాడు. అంటే ఏమిటి నాయనా అని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడిగాను. కంపెనీ ఆఫీసు నుంచి వచ్చే తీగలో ఉండేది వెంట్రుకంత సన్నని గాజుపోగట. అందులో కాంతి పోతుంది. ఆ ఒక్క పోగునీ స్ప్లిటర్ అనే పరికరంతో ఎనిమిది ఇళ్లకో, పదహారు ఇళ్లకో, ముప్ఫయి రెండు ఇళ్లకో పంచుతారు. ఆ లెక్క నిండిందంటే ఇంకో పెట్టె పెట్టాలి. పోగుల్ని అతకడానికి వేరే మిషన్ కావాలి. మూడు కాలనీలకు కలిపి ఒకటే మిషన్ ఉందట. ఆ కుర్రాడికి నెలజీతం లేదు. కనెక్షన్‌కి ఇంత అని కాంట్రాక్టరు ఇస్తాడు, పెట్రోలు వాడిదే. పని కాని ఇంటికి వస్తే వాడికి మిగిలేది ఎండ. కోపం వాడి మీద చూపించి లాభం లేదు. ఖాళీ లేదని కంప్యూటర్లో కనబడుతున్నా డబ్బు కట్టించుకున్నవాళ్లని అడగాలి.

దీని వెనక ఇంకో గొడవ ఉంది. మన ఊళ్లో ఈ తీగల్లో చాలా మటుకు కరెంటు స్తంభాల మీద వేలాడేవే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించడం, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లడం అందరికీ తెలిసిందే. ప్రాణాలు పోయే తీగల చిక్కు విప్పాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ భూమిలో గొట్టాలు వేసి తీగ తీసుకెళ్లే పని ముందు చేసి తర్వాత కత్తిరిస్తే, ఆ వారం ఎన్ని ఇళ్లల్లో ఆడపిల్లల ఆన్‌లైను క్లాసులూ, ఉద్యోగాలూ ఆగకుండా ఉండేవి!

ఈ తరానికి చెబితే నమ్మరు గానీ, ఫోన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన వాళ్లం మనం. డిపాజిట్టు కట్టి, వరసలో పేరు రాయించుకుని, ఎంపీ గారి సిఫారసు కోసం తిరిగిన ఇళ్లెన్నో. 1994లో టెలికాం విధానం ప్రకటించినప్పుడు 1997 కల్లా అడిగిన వాళ్లందరికీ ఫోన్ అన్నారు, సంబరపడ్డాం. అప్పుడు ఫోన్ లేకపోతే వీధి చివర ఎస్టీడీ బూత్ ఉండేది. ఇప్పుడు నెట్ లేకపోతే కోడలు బాబుని చంకనేసుకుని, లాప్‌టాప్ సంచి భుజాన తగిలించుకుని స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. సెల్‌ఫోన్ డాటా పెట్టుకుంటే మధ్యాహ్నానికల్లా అయిపోయేది. అయిదు రోజుల జీతం కోత పడింది. మేనేజరు ఆఫీసుకి రమ్మన్నాడు. ఉప్పల్లో మెట్రో ఎక్కి, రాయదుర్గంలో దిగి, అక్కణ్నుంచి ఆటో. పాలు తాగే పిల్లాడు ఇంట్లో. పదహారో రోజు రాత్రి గిన్నెలు సర్దుతూ "మానేస్తానత్తయ్యా" అంది. ఏడవలేదు, మామూలుగానే అంది. అదే నాకు భయం వేసింది.

అప్పుడు నేనే కాగితం, పెన్ను పట్టుకున్నాను. 2006లో ట్రాయ్ చేసిన బ్రాడ్‌బ్యాండ్ నియమాల్లో డబ్బు కట్టిన 15 పనిదినాల్లోగా కొత్త కనెక్షన్ ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకి 10 రూపాయల చొప్పున మొదటి బిల్లులో తగ్గించాలని ఉండేది. అదీ 'సాంకేతికంగా వీలుంటే' అన్న మాటతో. పది రూపాయలు! కోడలి ఒక రోజు జీతంలో అదెంతో మీరే లెక్కవేసుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త ప్రమాణాలు వచ్చాయి, కంపెనీలు తమ పనితీరు వివరాలు వెబ్‌సైట్లలో పెట్టాలి.

మన ఫిర్యాదుని ట్రాయ్ నేరుగా తీసుకోదు. ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. అది చెప్పందే ఫోన్ పెట్టెయ్యనివ్వకండి. ఆ ఫిర్యాదు తీరకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ఈలోగా 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పవచ్చు. టెలిఫోన్ తగాదాలు వినియోగదారుల కోర్టులు వినకూడదన్న వాదన ఒకటి చాలాకాలం నడిచింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వినవచ్చని తేల్చేసింది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపయితే ఫీజు లేదు. వకీలు కూడా అక్కర్లేదు.

మేం కోర్టుదాకా వెళ్లలేదు. తేదీలూ, డాకెట్ నంబర్లూ, తాళం వేసి ఉందన్న ఆ మెసేజీ అన్నీ కలిపి అప్పీలు పంపిన మూడో రోజున కొత్త పెట్టె వచ్చింది. మునుపు వచ్చిన కుర్రాడే మిషన్ పట్టుకొచ్చి గంటలో అతికి వెళ్లాడు. అయిదు రోజుల జీతం సంగతి మీద ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మంచినీళ్లు వస్తాయా అని అడిగినట్టే, ఇక్కడ ఎవరి ఫైబర్ ఉంది, పెట్టెలో ఖాళీ ఉందా అని పక్కింటావిణ్ని అడగండి. కొత్తింట్లో నెట్ వచ్చేదాకా పాతింట్లోది తీయించకండి. రూటరు తిరిగిచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. కనెక్షన్ మాత్రం ఇంట్లో దానితో పని చేసేవాళ్ల పేరు మీద పెట్టించండి. మా ఇంట్లో ఇప్పుడు కోడలి పేరు మీదికి మార్పించాం. దానికి మాత్రం రెండు రోజులే పట్టింది.

మీ కాలనీలో ఎన్నాళ్లు పట్టిందో ఈ పేజీకి రాయండి. "సార్‌తో మాట్లాడించండి" అని ఎన్నిసార్లు అన్నారో కూడా రాయండి.